తొమ్మిది మాటల పేరు

అనకాపల్లి కొత్తగా జిల్లా అయిన మరుసటి సంవత్సరం జూన్‌లో నన్ను విశాఖపట్నం నుంచి అక్కడికి బదిలీ చేశారు. హోదా సెక్షన్ సూపరింటెండెంటు. అంటే నలుగురు గుమాస్తాలకు పైన, అధికారులందరికీ కింద. గుమాస్తా రాసిన ఫైలును దిద్ది పైకి పంపడం, పైనుంచి వచ్చిన కోపాన్ని దిద్దకుండా కిందికి పంపడం, స్థూలంగా ఇదీ ఆ ఉద్యోగం. శాఖ పేరు చెప్పను. పొలాల కొలతలూ హద్దురాళ్ళూ చూసే కార్యాలయమంటే చాలు. నాతో పనిచేసినవాళ్ళలో కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు. వాళ్ళ పింఛను కాగితాలకు నా వల్ల అడ్డు రాకూడదు.

నేను చేరిన వారానికే ప్రధాన కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. అంతవరకు గట్టు తగాదా వస్తే రైతు తెల్ల కాగితం మీద అర్జీ రాసి ఇచ్చేవాడు. దానికి నంబరు వేసి, పక్క రైతులకు నోటీసులు పంపి, సర్వేయరు వెళ్ళి కొలిచి హద్దు చూపించేవాడు. ఇకమీదట ఈ అర్జీ గ్రామ సచివాలయంలో కంప్యూటరు మీదే పెట్టుకోవాలి, ముందుగా మన జిల్లాలో మొదలుపెట్టాలి అన్నారు. ఇంతవరకు మంచి మాటే. ఆ ఉత్తర్వులో చివరి వాక్యం మాత్రం నాకు ఇప్పటికీ కంఠతా ఉంది: "ఈ సేవకు ప్రజలకు సులభముగా అర్థమగునట్టియు వాడుకకు అనువైనట్టియు పేరును మూడు దినములలో ప్రతిపాదించవలెను." ఆ వాక్యం చదవగానే మాకు అర్థం కావలసింది. సులభంగా ఉండమని చెప్పడానికే అంత కష్టపడినవాళ్ళు సులభమైన పేరును ఎలా బతకనిస్తారు?

ఇక్కడ ఫైలు నడిచే తీరు కొంచెం చెప్పాలి. ఇప్పుడు కాగితం ఫైళ్ళు లేవు, అంతా కంప్యూటర్లోనే. అందులో నోట్లు రెండు రంగుల్లో ఉంటాయి. పసుపు నోటు చిత్తు, నచ్చకపోతే తీసేయవచ్చు. పచ్చ నోటు అసలుది, ఒకసారి పంపాక రాసినవాళ్ళు కూడా చెరపలేరు. రంగులు కొత్తవి గాని ఆచారం పాతదే. కిందివాళ్ళు రాసిన మాటను పైవాళ్ళు కొట్టేయవచ్చు. పైవాళ్ళు రాసిన మాటను కిందివాళ్ళు ముట్టుకోకూడదు. నిజానికి పైవాళ్ళు కూడా ఊరికే కొట్టేయరు, కొట్టేస్తే కారణం రాయాలి. చేరిస్తే కారణం అక్కర్లేదు, "సవరణతో ఆమోదం" అని ఒక ముక్క రాస్తే సరిపోతుంది. అందుకే మా కార్యాలయాల్లో ఏ రాతైనా పెరగడమే గాని తరగడమన్నది ఉండదు.

పేరు పెట్టే పని మొదట మా గుమాస్తా సత్యారావు మీద పడింది. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్న మనిషి. బుచ్చయ్యపేట మండలంలో సొంత వ్యవసాయం. "నేను పెట్టడానికేటుంది మేడమ్, పైకెల్లి వచ్చేసరికి దాని మొహం మనమే గుర్తుపట్టలేం" అంటూనే "భూమి సరిహద్దు నిర్ధారణ సేవ" అని రాసి పెట్టాడు. గొప్ప పేరేం కాదు. ఇంట్లో ఆ మాటలు వాడే మనిషి కాడు సత్యారావు. కాని ఫైలు ముందు కూర్చోగానే అతనికీ ఆ భాషే వస్తుంది, నాకూ అదే వస్తుంది.

నాకు అదే వస్తుందని చెప్పడం తప్పించుకోవడం అవుతుంది. నిజం చెప్పాలి. నేను తెలుగులో ఎం.ఏ. చేశాను. నేను దిద్దిన ఉత్తరం పైనుంచి తిరిగి రాదని నాకు కొంచెం మిడిసిపాటు ఉండేది. ఆ వారం సమీక్షా సమావేశంలో మా జిల్లా అధికారి "సమగ్రంగా ఆలోచించండి, సమగ్రంగా చూడండి" అని మాటకు ముందోసారి వెనకోసారి అన్నారు. సత్యారావు రాసిన పేరు ముందు నేను "సమగ్ర" అని చేర్చాను. ఎందుకు? ఆయనకు నచ్చుతుందని. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. గట్టు కొలవడంలో సమగ్రత ఏమిటని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఎవరూ అడగలేదు, అడగరని నాకు తెలుసు.

నా పైన ఏ.ఓ. గారు, అంటే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు. మంచివారే. ఎవరితోనూ మాట పడకుండా రిటైరైపోవాలన్నది ఆయన జీవితాశయం. ఫైలు చూసి నన్ను పిలిచారు. "సమగ్ర అని ఊరుకుంటే, ఇతర సేవలతో అనుసంధానం లేదా అని హెడ్డాఫీసు వాళ్ళు కొర్రీ వేస్తారమ్మా" అని రెండో మాటగా "సమీకృత" చేర్చారు. కొర్రీ అంటే పైవాళ్ళు రాసి పంపే ఆక్షేపణ. మా ఉద్యోగాల్లో సగం రాతలు అది రాకుండా ముందుజాగ్రత్తగా రాసినవే.

ఆ తర్వాత జిల్లా అధికారి గదిలో సమావేశం. టేబులు మీద ఎవరో తెచ్చిన మాడుగుల హల్వా. ఆ పెద్దాయన మేం పంపిన పేరును తెర మీద చూసి, ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇందులో రైతు ఎక్కడయ్యా?" అన్నారు. మేమందరం తెర వైపు చూశాం, రైతు ఇప్పుడే టీకి వెళ్ళాడన్నట్టు. వెంటనే రైతును మూడో మాటగా కూర్చోబెట్టారు. ఆ గదిలో ఎనిమిదిమందిమి ఉన్నాం. అసలు రైతును పిలిచి ఒకసారి అడుగుదామని ఒక్కరికీ తోచలేదు. నాకు కూడా.

ప్రధాన కార్యాలయం మరో రెండు మాటలు కలిపింది, "పారదర్శక", "డిజిటల్" అని. చివరికి పచ్చ నోటు మీద ఖరారై వచ్చిన పేరు ఇది: సమగ్ర సమీకృత రైతు భూమి సరిహద్దు పారదర్శక డిజిటల్ నిర్ధారణ సేవ. తొమ్మిది మాటలు. పొట్టి పేరు కూడా కావాలన్నారు గనక మొదటి అక్షరాలన్నీ ఇంగ్లీషులో వరుసగా పేర్చారు. ఎస్సెస్ ఆర్ బీ ఎస్ పీ డీ ఎన్నెస్. పొట్టి పేరంటే అదీ. అటెండరు దాన్ని నోరు తిప్పలేక "ఆ రైలు పేరు" అనేవాడు.

ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీ వేయించే పని నాది. మెయిన్ రోడ్డులో ఫ్లెక్సీ షాపు వాడు కాగితం అందుకుని రెండుసార్లు చదువుకున్నాడు. "ఇది పేరేటండీ మేడమ్, శుభలేఖలా ఉంది. మేనమామ పేరు మర్చిపోతే అలుగుతాడని అందర్నీ ఎక్కించేరా ఏటి?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "నీ పని నువ్వు చెయ్యి బాబూ" అన్నాను. కోపం ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలుసు. వాడు సరిగ్గా ఉన్నదే అన్నాడు. ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి ఆ పేరును "రైతు భూమి" దాకా చదివి, మంచినీళ్ళు తాగి, "వగైరా వగైరా సేవను ప్రారంభిస్తున్నాను" అని రిబ్బను కత్తిరించారు. చప్పట్లు బాగానే కొట్టాం.

అది కార్తీక మాసం. ఆ తర్వాత నాలుగైదు నెలలు అర్జీలు చాలా తక్కువ వచ్చాయి. తగాదాలు తగ్గిపోయాయని మా నెలవారీ నివేదికలో రాశాం. నేనే రాశాను. "సేవ ప్రభావము వలన సరిహద్దు వివాదములు గణనీయముగా తగ్గినవి." గట్టు తగాదాలు తగ్గడమేమిటి నా మొహం! చెరుకు కొట్టిన ప్రతి పొలంలోనూ ఆ రోజుల్లోనే పార పట్టుకుని అరుచుకుంటారు.

ఏప్రిల్‌లో ఒక సోమవారం, అర్జీల రోజు. నలభై ఏళ్ళు దాటిన ఒక ఆడమనిషి నా బల్ల ముందుకు వచ్చింది. పేరు నూకరత్నం. బుచ్చయ్యపేట మండలంలో ఒక ఊరు. భర్త అచ్యుతాపురం వైపు ఒక కంపెనీలో గేటు దగ్గర డ్యూటీ చేస్తాడు, వారానికోసారి వస్తాడు. చెరుకు వ్యవసాయమంతా ఆమెదే. బల్ల మీద ఒక రంగుల కార్డు పెట్టింది. చూస్తే మట్టి పరీక్ష కార్డు. ఏ ఎరువు ఎంత వేయాలో రాసి ఉంది.

"ఇదేటమ్మా ఇది?" అని ఆమే నన్ను అడిగింది.

మట్టి పరీక్ష మా శాఖ కాదని, ఫలానా కార్యాలయానికి వెళ్ళమని అలవాటుగా చెప్పాను. ఆమె కదల్లేదు.

"మట్టి సంగతి నాకెందుకమ్మా? నా గట్టు కొలిపించండని సచివాలయంలో అర్జీ ఎట్టేను. నెలన్నరకి ఇద్దరు వచ్చేరు. కొలవడానికే వచ్చేరు గావాలని నీల్లిచ్చేను, కూకోబెట్టేను. నాలుగు మూలలా గోతులు తవ్వి, మట్టి సంచీల్లో ఎట్టుకుని ఎల్లిపోనారు. గట్టు ఎక్కడుందో సెప్పమంటే మట్టిలో ఏటుందో సెప్పేరు. మా మట్టి మంచిదని మాకు తెల్దేటి?"

పక్కన నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. సంగతంతా అడిగి రాసుకున్నాను. ఆమె పొలానికీ రోడ్డుకూ మధ్య బండి పట్టేంత దారి ఉంది, ఆమె పట్టాలోదే. దాని పక్క పొలం గోవిందుది, మరిది వరస. ఏటా నాట్లప్పుడు పారతో గట్టును కాస్త కాస్త ఇవతలికి జరుపుకుంటూ వచ్చాడు. ఈ ఏడు దారిలో కూడా చెరుకు పెట్టేస్తానని ఊళ్ళో అందరికీ చెప్పాడు. ఆ దారి పోతే ఆమె చెరుకు గానుగకు వెళ్ళడానికి ట్రాక్టరు రాదు, బండీ రాదు.

ఇందులో మా పనికి సంబంధించిన చిక్కు ఒకటుంది. చెరుకు మనిషెత్తు దాటుతుంది. అది నిలబడి ఉండగా యంత్రం పెట్టి కొలవడం కుదరదు. తోట కొట్టిన తర్వాత, మళ్ళీ మొక్క పెట్టి అది లేచే లోపు, నేల బోడిగా ఉన్న కొద్ది వారాల్లోనే కొలత అయిపోవాలి. పక్క రైతుకు నోటీసు గడువు కూడా అందులోనే. నూకరత్నం ఆ సంగతి తెలిసిన మనిషి. చెరుకు కొట్టిన మూడో రోజే సచివాలయానికి వెళ్ళింది. చేయవలసింది చేయవలసిన రోజునే చేసింది. మట్టి తవ్వేవాళ్ళు వచ్చి వెళ్ళేసరికి గోవిందు దారి దున్ని మొక్క పెట్టేశాడు. ఆమె నా ముందు నిలబడేనాటికి అది మోకాలెత్తు.

నేను అప్పటికీ తగ్గలేదు. మీరు తప్పు సేవకు దరఖాస్తు పెట్టారమ్మా, మా దగ్గరికి రాలేదు, మేమేం చేస్తాం అన్నాను. ఆమె కొంగులోంచి రసీదు తీసి నా చేతిలో పెట్టింది.

"నాకు సదువు రాదు. మీరు సదవండి. నేనేటికి ఎట్టుకున్నానో అందులో ఉంటాది కదా."

చదివాను. సేవ పేరు ఉండవలసిన చోట ఇంగ్లీషు పొడి అక్షరాలు. ఎస్సెస్ ఆర్ అని మొదలై ఇంకేవో. అది మా సేవా, ఇంకొకరిదా? తొమ్మిది మాటల్లో ఒక మాట నేనే రాసినదాన్ని, తెలుగులో ఎం.ఏ. చదివినదాన్ని, ఆ కాగితం ఎటు తిప్పి చూసినా నాకు తెలియలేదు. ఆమె నా మొహం చూస్తూ నిలబడింది. తల తీసినట్టయింది నాకు.

ఆ సచివాలయంలో దరఖాస్తులు ఎక్కించే డిజిటల్ అసిస్టెంటుకు ఫోన్ చేశాను. ఉమ అని, ఇద్దరు పిల్లల తల్లి, జాగ్రత్తగా పనిచేసే మనిషి. కొంచెం గట్టిగానే అడిగాను. ఆమె అంతకంటే గట్టిగా జవాబిచ్చింది. "మేడమ్, మీరొకసారి వచ్చి నా సీట్లో కూర్చోండి. తర్వాత నన్ను తిట్టండి" అంది.

మర్నాడు వెళ్ళాను. కూర్చున్నాను. తెర మీద సేవల జాబితాలో ఒక్కో పేరుకు మూడు మాటల చోటే ఉంది, ఆ తర్వాత చుక్కలు. కిందికి జరిపితే ఒకదాని కింద ఒకటి నాలుగు వరుసలు కనిపించాయి. సమగ్ర సమీకృత రైతు... సమగ్ర సమీకృత రైతు... సమగ్ర సమీకృత రైతు... సమగ్ర సమీకృత రైతు... ఒకటి మాది. మిగతావి మట్టి పరీక్ష, పశువుల టీకాలు, తుంపర సేద్యం పైపులు. నేను తెలివిగా పట్టుకున్నాననుకున్న మాటను జిల్లాలో ప్రతి శాఖలోనూ నాలాంటి తెలివైనవాళ్ళు పట్టుకున్నారు. లోపలికి వెళ్తే నాలుగింటిలోనూ ఒకటే ఫారం, రైతు పేరు, ఆధార్, సర్వే నంబరు, విస్తీర్ణం. "కొలత" అని వెతికితే ఏమీ రాదు. "గట్టు" అని వెతికినా రాదు. నూకరత్నం వచ్చిన రోజు ఉమ రెండో వరుస నొక్కింది. నేనైతే మొదటిది నొక్కి ఆమెకు పశువుల డాక్టరును పంపేదాన్ని.

"అందరూ వచ్చి పొలం కొలత అంటారు మేడమ్. ఇందులో ఎక్కడుందో నాకు తెలీక సగం మందిని పంపించేశాను" అంది ఉమ. అదీ మా నివేదికలో తగ్గిన తగాదాల సంగతి.

నూకరత్నం అర్జీని ఆ రోజే మా సేవలో మళ్ళీ పెట్టించి, అత్యవసరమని నోటు రాశాను. సర్వేయరు వెళ్ళాడు. గోవిందు గట్టు మీద నిలబడి, నోటీసు గడువు అవ్వలేదన్నాడు. గడువు అయ్యాక వెళ్తే, పంట మీద యంత్రం తిప్పితే ఒప్పుకోనన్నాడు. నిలబడ్డ పంటలో అవతలి రైతు అభ్యంతరం చెబితే కోత దాకా అర్జీని ఆపి ఉంచడం మా కార్యాలయంలో పద్ధతి. ఆపి ఉంచాం. గోవిందు అప్పటికి దారి మొత్తం చెరుకు చేసుకున్నాడు, మా పద్ధతి ప్రకారమే.

ఇక నేను పేరు మీద పడ్డాను. తొమ్మిది మాటలూ తీసేసి "పొలం కొలత" అని రెండే మాటలు ఉంచాలని పచ్చ నోటు పెట్టాను. ఏ.ఓ. గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏ మాట తీసేద్దామంటారమ్మా? అంటే ఎవరి మాట తీసేద్దామని?"

"ముందు నా మాట తీసేయండి సార్. సమగ్ర నాదే."

"ఇప్పుడది మీది కాదు. హెడ్డాఫీసు ఆమోదించాక మొత్తం వాళ్ళదే."

నేను రాసిన మాటను వెనక్కి తీసుకునే హక్కు కూడా నాకు లేకపోయింది. అయినా పట్టుబట్టి పైకి పంపించాను. పదిహేను రోజుల్లో తిరిగి వచ్చింది. "ఆమోదిత నామములో తొలగింపులు అనుమతించబడవు. ప్రతిపాదిత నామము సేవ యొక్క హుందాతనమునకు తగినట్లు లేదు." హుందాతనం! దారి పోయిన మనిషికి హుందాతనం ఏం చేసుకోను?

ఆ జవాబును ఒకటికి పదిసార్లు చదివాను. తొలగింపులు అనుమతించబడవు అన్నారు. చేర్పుల సంగతి ఏమీ అనలేదు. ముప్పై ఐదేళ్ళ సర్వీసు చేసి అప్పుడు తోచింది నాకు బుద్ధి. మాలో ఎవరూ ఎవరి మాటా తీయరు గాని, చేరుస్తానంటే కాదనేవాళ్ళూ లేరు. కొత్త నోటు రాశాను. "ఆమోదిత నామము యథాతథముగా ఉంచుతూ, ప్రజల సౌలభ్యార్థము దానికి ముందు 'పొలం కొలత' అను రెండు మాటలు అదనముగా చేర్చుటకు." యథాతథంగా, అదనంగా. ఈ రెండూ ఉంటే మా వాళ్ళు కళ్ళు మూసుకుని సంతకం పెడతారు.

ఏ.ఓ. గారు కళ్ళు పూర్తిగా మూసుకోలేదు. "బాగానే ఉందమ్మా. 'సమగ్ర పొలం కొలత' అంటే ఇంకా నిండుగా ఉంటుందేమో" అన్నారు. "కంప్యూటర్లో ముందు భాగానికి రెండు మాటలకే చోటుంది సార్, మూడో మాట పడితే మొత్తం సేవే ఆగిపోతుందట" అన్నాను. అది పచ్చి అబద్ధం. రిటైరయ్యాను గనక ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. సేవ ఆగిపోతే ఎవరు జవాబు చెప్పాలన్న ఆలోచన రాగానే ఆయన సంతకం పెట్టేశారు. పెద్దాయన "సవరణతో ఆమోదం" అనబోయి, సవరించడానికి చోటు లేదని ఏ.ఓ. గారు చెబితే, ఒట్టి "ఆమోదం" అన్నారు. ఆయన సర్వీసులో అలాంటి సంతకం ఇంకొకటి ఉందని నేననుకోను.

చేర్పే గనక ప్రధాన కార్యాలయం కూడా కొర్రీ వేయలేదు. జులైలో మారింది. ఇప్పుడు జాబితాలో ఒక వరుస "పొలం కొలత సమగ్ర..." అని, ఆ పైన చుక్కలు. మిగతా ఎనిమిది మాటలూ ఆ చుక్కల్లోకి పోయాయి. ఉమ ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. ఆ ఒక్క రోజులోనే నాలుగు అర్జీలు ఎక్కించానని, ఇప్పుడు జాబితాలో దేని కోసమూ తడుముకోవడం లేదని చెప్పింది. మా నెలవారీ నివేదికలో ఆ నెల నుంచి సరిహద్దు వివాదాలు ఒక్కసారిగా పెరిగాయి. దీనికి సంజాయిషీ ఇవ్వమని నాకు మెమో వచ్చింది. ఇచ్చాను. మెమోలు తినీ తినీ అప్పటికి అరిగించుకోవడం వచ్చేసింది.

మరుసటి ఫిబ్రవరిలో ఆ ఊళ్ళో చెరుకు కొట్టారు. రెండు పొలాలూ బోడి అయిన వారం లోపలే నూకరత్నం పొలానికి సర్వేయరు వెళ్ళాడు. సూపరింటెండెంటు పొలానికి వెళ్ళే ఆనవాయితీ లేదు. నేను వెళ్ళాను. రిటైర్మెంటుకు ఇంకా నెలన్నర ఉంది. కాదన్నవాళ్ళు లేరు. యంత్రం పెట్టి రెండు గంటల్లో కొలిచేశారు. పెద్ద రగడ ఏమీ జరగలేదు. దారి మొత్తం ఆమెదేనని తేలింది. హద్దురాళ్ళు పాతుతుంటే గోవిందు దూరంగా నిలబడి, "కొలిసేరు కదా, ఇంకేటి, కానీండి" అన్నాడు. ఏడాది పంట తిన్నవాడికి ఆ మాత్రం పెద్దమనసు ఉండదా?

పని అయ్యాక నూకరత్నాన్ని పిలిచి కాగితం మీద ఆమె వేలిముద్ర తీసుకున్నారు. నేను ఏదో ఒకటి అనాలి గనక, ఇకమీదట మీలాంటివాళ్ళకు ఇబ్బంది ఉండదమ్మా, సేవ పేరు ముందు పొలం కొలత అని రాయించాం, ఎవరు వెళ్ళినా దొరుకుతుంది అన్నాను. కొంత గర్వంగానే అన్నానని ఒప్పుకోవాలి. ఆమె సంతోషిస్తుందనుకున్నాను.

"ఆ రెండు ముక్కలేనా?" అంది.

అవునన్నాను.

ఆమె కొంగు పక్కకు జరిపి మెడ వెనక్కి తిప్పి చూపించింది. మెడ మీద నుంచి భుజం దాకా చర్మం నల్లగా గట్టిపడి ఉంది. "ట్రాక్టరు రాలేదు కదమ్మా. తోటంతా మోపులు కట్టి, ఆల్ల పొలాలెంట ఈల్ల పొలాలెంట నెత్తి మీద మోసేను. నాకు తోడు నా కూతురు మోసింది, కాలేజీ మానేసి. ఆ రెండు ముక్కలూ ముందే ఎట్టుంటే మాకీ మోత తప్పీది కదా. అంతసేపు ఏటి రాసేరమ్మా?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. తొమ్మిది మాటల్లో మొదటిది నాదని నేను చెప్పలేదు. ధైర్యం చాలలేదు. జీపులో వచ్చేటప్పుడు సర్వేయరు దారి పొడుగునా మాట్లాడాడు, ఒక్క మాటా నా చెవికెక్కలేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. ప్రజలు వాడే సేవకు పేరు పెట్టవలసి వస్తే ఒక రోజు కౌంటరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, వచ్చినవాళ్ళు ఏ మాట అడుగుతున్నారో అదే రాయండి. ఆపైన దానికి ఎవరైనా ఒక మాట చేర్చమంటే, ఆ మాట బరువు ఎవరు మోస్తారని ఆ చేర్చమన్నవాళ్ళనే అడగండి. నేను అడగలేదు. నా మాటను నూకరత్నమూ ఆమె కూతురూ మోశారు.